వైకుంఠపాళి, పాములూ నిచ్చెనలూ: తరచుగా అడిగే ప్రశ్నలు

ముక్కోటి ఏకాదశి దగ్గర పడుతోందంటే అల్మారా మీంచి పాత పటం కిందికి దించుతాను. పాతికేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆటతోపాటు సందేహాలు కూడా నా దగ్గరికే వస్తాయి. ప్రతి ఏడూ అవే. కాయ ఎప్పుడు దిగాలి, పిల్లాడు ఏడిస్తే ఏం చేయాలి, ఇది నిజంగా జీవితం లాంటిదేనా... చెప్పిందే చెప్పే ఓపిక తగ్గి ఒకచోట రాసిపెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను. ఏది కావాలంటే అది చదువుకోండి.

## పటం కొనేముందు

వైకుంఠపాళి, పరమపద సోపాన పటం, పాములూ నిచ్చెనలూ... ఇవన్నీ ఒకటేనా?

వైకుంఠపాళి, పరమపద సోపాన పటం అన్నవి ఒకే పటానికి రెండు పేర్లు. సోపానం అంటే మెట్టు, అంటే పరమపదానికి మెట్లు వేసిన పటం అన్నమాట. పాము పటం అన్నా అదే. గళ్ళు నూరు దాటి ఉంటాయి, చాలా గళ్ళలో ఒక బొమ్మో పేరో ఉంటుంది, పై వరసలో దేవుళ్ళు కూర్చుని ఉంటారు. లూడో అట్టకు వెనకవైపు వంద గళ్ళతో, ఉత్త అంకెలతో వచ్చేది మాత్రం ఇంగ్లండు వెళ్ళి తిరిగొచ్చిన రూపం.

ఈ కుటుంబం పెద్దది. ఉత్తరాదిన జ్ఞాన చౌపర్ అంటారు, మరాఠీలో మోక్షపట్ అంటారు. వైష్ణవుల పటాల్లో 72 గళ్ళవి ఎక్కువ. జైనుల పటాల్లో తరచుగా 84 గళ్ళుంటాయి, పర్యూషణ అనే వాళ్ళ పండుగ రోజుల్లో ఆడేవారు. నాకు అన్నిటికన్నా నచ్చింది నేపాల్ వాళ్ళ నాగపాశం. అందులో నిచ్చెనలు ఉండవు. నల్ల పాములు కిందికి దించుతాయి, ఎర్ర పాములు పైకి మోసుకెళ్తాయి. పైకి వెళ్ళే దారికీ పామునే వాడుకున్నారు, ఎంత ధైర్యం చూడండి!

దీన్ని సంత్ జ్ఞానేశ్వర్ కనిపెట్టాడని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

జ్ఞానేశ్వర్ 13వ శతాబ్దపు మరాఠీ సంత్. ఆయనే మోక్షపట్ తయారుచేశాడని మహారాష్ట్రలో గట్టి నమ్మకం. మనకు మిగిలిన పాత పటాలు మాత్రం 18వ శతాబ్దం నాటివి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రిచర్డ్ జాన్సన్ 1780ల తొలినాళ్ళలో లక్నోలో ఉన్నప్పుడు సేకరించిన పటం ఒకటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఫార్వర్డ్ పంపినవాళ్ళతో గొడవ పెట్టుకోకండి. ‘మహారాష్ట్రలో అలా చెప్పుకుంటారు’ అంటే సరిపోతుంది.

ఇంగ్లీషువాళ్ళు మన ఆటను పాడుచేశారంటారు. అసలేం మార్చారు?

పాడుచేశారని నేననను. మార్చారు. లండన్‌లో ఆటవస్తువులు తయారుచేసే ఫ్రెడరిక్ హెన్రీ ఏయర్స్ 1892లో తన రూపానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటి ఇంగ్లీషు పటాల్లో మోక్షం పోయి లోకంలో బాగుపడటం వచ్చింది. పొదుపు, పశ్చాత్తాపం, కష్టించి పనిచేయడం నిచ్చెనలయ్యాయి. సోమరితనం, చెప్పిన మాట వినకపోవడం, విచ్చలవిడితనం పాములయ్యాయి. పాము మింగితే దిగేది జబ్బులోకో పేదరికంలోకో అవమానంలోకో. నాకు గుచ్చుకునేది ఈ చివరిదే. మన పాత పటంలో పాపం చేస్తే మళ్ళీ పుట్టాలి. ఈ పటంలో పేదవాడవుతావు. అంటే పేదవాడు కనబడితే వీడు సోమరి అయి ఉంటాడనుకోవడం ఆటలోనే నేర్పినట్టు!

ఆ తర్వాత అంకెలు మిగిలి నీతులు రాలిపోయాయి. ఇప్పుడు దుకాణాల్లో దొరికేది ఆ ఎండు పటమే.

మా మనవడు అమెరికాలో ఉంటాడు. వాళ్ళ ఆటలో పాములే లేవు, జారుడుబల్లలున్నాయి. అదీ ఇదే ఆటా?

అదే. మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1943లో ‘చ్యూట్స్ అండ్ ల్యాడర్స్’ పేరుతో తెచ్చింది. పిల్లలు పాముల్ని చూసి జడుసుకుంటారని వాటి చోట పార్కులో ఉండే జారుడుబల్లలు పెట్టారు. మంచిపని చేస్తే నిచ్చెన, అల్లరి చేస్తే జారుడుబల్ల. బిస్కెట్ల డబ్బా అందుకోబోయి కిందపడే పిల్లాడి బొమ్మ అందులో అందరికీ గుర్తుండిపోతుంది. చిక్కేమిటంటే, ఏ పిల్లాడికైనా జారడం సరదా. పడ్డా నవ్వుకుంటూ పడతాడు. పాముకున్న బరువు జారుడుబల్లకు రాదు. మనవడితో వీడియో కాల్‌లో ఆడుతున్నప్పుడు మీ ఇంట్లో పటం ఒకసారి చూపించండి, పాముల్ని చూసి ఏమంటాడో వినండి.

పాత పటంలో పాములు ఎక్కువ, నిచ్చెనలు తక్కువ అంటారు కదా?

అన్ని పటాలకూ ఒకే లెక్క లేదు, ప్రింటుకొక తీరు. మీ పటం ముందేసుకుని లెక్కపెట్టండి. అయితే సంఖ్య కన్నా పొడవు ముఖ్యం. నాలుగు పొట్టి పాములు చేయలేని పని పై వరసలోని ఒక్క పెద్ద పాము చేస్తుంది.

## మొదటి పందెం

కాయ దిగాలంటే ఒకటి పడాలా, ఆరు పడాలా? మా ఇంట్లో రోజూ ఇదే గొడవ.

ఏ ఇంటి ఆచారం ఆ ఇంటిది. ఆట మొదలయ్యే ముందు చెప్పుకుంటే చాలు, మధ్యలో మార్చకూడదు. పాచిక అయితే ఒకటైనా ఆరైనా పడే అవకాశం సమానం, ఆరింట ఒకటి. సగటున ఆరు పందేలు పడుతుంది. కానీ సగటు వేరు, మన పక్కన కూర్చున్న పిల్ల వేరు. పదిసార్లు వేసినా కోరుకున్న సంఖ్య పడనివాళ్ళు నూటికి పదహారు మంది దాకా ఉంటారు. అందరూ పైకి పోతుంటే ఆ పదహారు మందిలో ఒకరు ఇంకా కాయ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆరేళ్ళ లోపు పిల్లలుంటే ఈ నియమం తీసేయమనే నా సలహా. పడిపోవడం నేర్చుకోవచ్చు. అసలు ఆటలోకే రాకపోవడం నేర్పడం దేనికి?

గవ్వలతో ఆడాలా, పాచికతోనా?

పాచికతో ఆడితే ఒకటి నుంచి ఆరు దాకా అన్నీ సమానంగా పడతాయి. గవ్వల తీరు అది కాదు. ఆరు గవ్వలు వేసి వెల్లకిలా పడ్డవాటిని లెక్కపెడితే మూడు, దానికి అటూ ఇటూ ఉన్న సంఖ్యలే తరచుగా పడతాయి. ఆరుకి ఆరూ పడటం చాలా అరుదు. అందుకే గవ్వల ఆట నెమ్మదిగా, ఎడ్లబండి నడకలా సాగుతుంది. గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని ఒకవైపు గచ్చు మీద అరగదీసి తెల్లగా చేసుకోండి. పిల్లలకు ఆ అరగదీయడమే ఒక గంట కాలక్షేపం.

అంతా అదృష్టమే అంటున్నారు, పందెం అంటున్నారు. ఇది జూదం కాదా? మా అత్తగారు ఇంట్లో వద్దంటున్నారు.

పణం పెడితే ఏ ఆటైనా జూదమే. ధర్మరాజు పోగొట్టుకున్నది పాచికల వల్ల కాదు, పణం పెట్టినందువల్ల. ఇక్కడ పందెం అంటే పాచిక మీద పడే సంఖ్య మాత్రమే. డబ్బులు లేకుండా ఆడితే మీ అత్తగారికి అభ్యంతరం ఉండకపోవచ్చు. ముందు ఆవిడనే మొదటి పందెం వేయమని పిలిచి చూడండి. మా ఇంట్లో ఆ ఉపాయమే పనిచేసింది.

ఈ భయం మనకు మాత్రమే లేదు. 1860లో మిల్టన్ బ్రాడ్లీ ‘చెకర్డ్ గేమ్ ఆఫ్ లైఫ్’ అనే ఆట తెచ్చినప్పుడు, పాచిక అంటే జనానికి జూదం గుర్తొస్తుందని పాచిక తీసేసి, అంకెలు వేసిన చిన్న బొంగరం పెట్టాడు.

ముక్కోటి రాత్రే ఎందుకు ఆడతారు?

ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశి అది. పగలు ఉపవాసం, రాత్రి జాగరణ. ఉత్తర ద్వారం తెరిచే రోజు కాబట్టి వైకుంఠం చేరే ఆట ఆ రాత్రికి కుదిరింది. ఇంకో కారణం కూడా ఉంది. ఖాళీ కడుపుతో, చలిలో తెల్లవార్లూ మేలుకోవాలంటే పెద్దగా బుర్ర పెట్టక్కరలేని ఆట కావాలి. శివరాత్రి జాగరణకు కూడా చాలా ఇళ్ళలో ఇదే పటం పరుస్తారు. శివుడి రాత్రి వైకుంఠానికి ఎక్కడం ఏమిటని ఎవరూ అడగరు.

## పాము మింగినప్పుడు

మా అబ్బాయికి ఏడేళ్ళు. పాము మింగగానే ఏడ్చి పటం లాగేస్తాడు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న వచ్చినన్నిసార్లు ఇంకేదీ రాలేదు.

ముందుగా చేయకూడనివి. ‘ఆటే కదరా, ఏడుస్తారా’ అనకండి. వాడికి అది ఆట కాదు, తొంభై ఏడో గడి నుంచి పడ్డాడు. పోనీలే అని కాయను మళ్ళీ పైన పెట్టకండి. పక్కన కూర్చున్న చెల్లి చూస్తోంది, తన పాముకి మీరేం చేశారో దానికి గుర్తుంది. వాడు గెలిచేలా పాచికను తిప్పేయకండి. పిల్లలు ఇట్టే పట్టేస్తారు, ఆ తర్వాత వచ్చిన నిచ్చెనను కూడా నమ్మరు.

నేను చేసేది ఒకటే. పాము మింగినవాడిని కాయతోపాటు వేలు పెట్టి పాము ఒంటి మీదుగా తోక దాకా నెమ్మదిగా రమ్మంటాను, చుట్టూ ఉన్నవాళ్ళం ‘జుయ్...’ మని అరుస్తాం. పడటం ఒక్క క్షణంలో అయిపోతే ఏడుపొస్తుంది, ప్రయాణంలా సాగితే సగం సరదా అవుతుంది. కింద చేరాక ‘ఇప్పుడు నీ ముందు ఏ నిచ్చెన ఉంది?’ అని అడుగుతాను. దాదాపు ప్రతి పటంలోనూ పాము తోక దాటాక కొన్ని గళ్ళలో ఏదో ఒక నిచ్చెన ఉంటుంది. వాడు దాన్ని వెతుక్కునేలోపు తన వంతు వచ్చేస్తుంది.

ఇంకొకటి: మీకు పాము పడ్డప్పుడు మీ మొహం ఎలా ఉందో చూసుకోండి. మా బడిలో ఓడితే పటం విసిరే పిల్లల ఇళ్ళలో ఓడితే మొహం ముడుచుకునే పెద్దవాళ్ళు ఉండటం చాలాసార్లు చూశాను. లెక్కలు కట్టలేదనుకోండి, నా అంచనా అంతే.

పాము సరిగ్గా ముందు గడిలో ఉంటే టెన్షన్. ఇంకా దూరంగా ఉంటేనే నయం కదా?

ఇది లెక్కల మాస్టారు ఆనందపడే ప్రశ్న. మన భయం తప్పు చోట ఉంటుంది. పాము ఒక్క గడి ముందు ఉంటే దాని నోట్లో పడాలంటే సరిగ్గా ఒకటి పడాలి. ఆరింట ఒక అవకాశం. ఇంకేది పడినా దాటేసినట్టే. ఆరు గళ్ళ ముందు ఉంటే? ఒక్కసారిగా ఆరు పడినా పామే, మూడూ మూడూ పడినా పామే, రెండూ నాలుగూ పడినా పామే, ఒకటి చొప్పున ఆరుసార్లు పడినా పామే. దారులన్నీ కలిపితే దాని నోట్లో పడే అవకాశం నూటికి 36. ఒక గడి దూరంలో అది నూటికి 17 మాత్రమే. మధ్యలో ఇంకో పాము, నిచ్చెన లేవనుకుని వేసిన లెక్క ఇది.

అంటే కాయకు అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం పాము ముఖాముఖి కనబడుతున్నప్పుడు కాదు, ‘ఇంకా దూరంగా ఉందిలే’ అనుకున్నప్పుడు. నిచ్చెనకూ ఇదే లెక్క. అడుగుమెట్టు ఆరు గళ్ళ దూరంలో ఉన్నవాడు దాన్ని అందుకునే అవకాశం, పక్కనే నిలబడి చూస్తున్నవాడి కన్నా రెట్టింపు పైనే.

‘పాము మింగడం ఒక్కోసారి మంచికే’ అని మా నాన్నగారు అనేవారు. అది ఓదార్పు మాటే కదా?

ఓదార్పుకే అని ఉంటారు, కానీ లెక్క కూడా ఆయన వైపే ఉంది. అమెరికా పటంలో 28వ గడిలో ఒక పెద్ద నిచ్చెన ఉంది, నేరుగా 84కి తీసుకెళ్తుంది. మీరు దాన్ని ఒక్క గడిలో తప్పిపోయి 29లో ఆగారనుకోండి. అక్కడ 27కి దించే చిన్న పాము ఒకటి కొత్తగా గీస్తే? పడ్డట్టే కనిపిస్తుంది. నిజానికి ఆ పెద్ద నిచ్చెనకు ఇంకో అవకాశం దొరికింది. ఈ పాము చేరిస్తే ఆట సగటున త్వరగా ముగుస్తుందని గణిత శాస్త్రజ్ఞులు 1993లోనే లెక్క కట్టి చూపించారు.

తిరగేసినా నిజమే. అదే పటంలో 80 నుంచి 100కి నిచ్చెన ఉంది. 79 నుంచి 81కి ఒక బుల్లి నిచ్చెన వేశామనుకోండి. రెండు గళ్ళు ఎక్కామని సంబరపడతాం. కానీ 80ని దాటేశాం. ఈ నిచ్చెన వల్ల ఆట సగటున ఇంకా సాగుతుంది. చిన్న ప్రమోషన్‌కు ఒప్పుకుని పెద్ద అవకాశం పోగొట్టుకున్నవాళ్ళు మీ చుట్టూ ఉంటే ఈ లెక్క వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

ప్రతి పామూ మంచికే అని మాత్రం దీని అర్థం కాదు. పెద్ద పాము మింగితే మింగినట్టే. మీ నాన్నగారు ‘ఒక్కోసారి’ అన్నారు చూడండి, ఆ మాట వదలకండి.

వరసగా అయిదుసార్లు చిన్న సంఖ్యలే పడ్డాయి. ఇక పెద్దది పడి తీరాలి కదా?

పడి తీరదు. పాచికకు జ్ఞాపకం లేదు. అయిదుసార్లు ఒకటి పడినా ఆరోసారి ఆరు పడే అవకాశం ఎప్పటిలా ఆరింట ఒకటే. పటానికీ జ్ఞాపకం లేదు. మీరు 40వ గడికి నిచ్చెనెక్కి వచ్చారా, పాము మింగితే వచ్చారా, గడి గడీ నడిచి వచ్చారా అని అది అడగదు. 40లో ఉన్న ముగ్గురికీ ఇక్కణ్ణుంచి దారి ఒకటే. గణితంలో ఇలాంటివాటిని మార్కోవ్ శృంఖలాలు అంటారు. రష్యన్ గణితవేత్త ఆంద్రేయ్ మార్కోవ్ పేరు మీద వచ్చిన మాట. కాలేజీ పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి చాలామంది వాడే ఉదాహరణ ఈ పటమే.

నిన్నటి పాము నేటి పందేన్ని చెడగొట్టదు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అది. మనుషుల సంగతి వేరు. మనం పడ్డ గడిని జేబులో వేసుకుని తిరుగుతాం.

తొండి ఆడే పిల్లాడికి నిచ్చెనలు, బుద్ధిగా ఉండే పిల్లకు పాములు. ఇదేం న్యాయం?

న్యాయం లేదు. పటం గీసినవాళ్ళు మాత్రం ఉందనే అన్నారు. పాత పటంలో నిచ్చెన మొదట్లో భక్తి, జ్ఞానం లాంటి పేరుంటుంది, పాము తల దగ్గర ఒక రాక్షసుడి పేరో దుర్గుణం పేరో ఉంటుంది. అక్కడికి మిమ్మల్ని చేర్చిన పందెం మీ పూర్వకర్మ ఫలం. కాబట్టి ఊరికే ఏదీ జరగలేదని వాళ్ళ వివరణ.

ఈ వివరణ నేను పిల్లలకు చెప్పను. ఎందుకో చెప్తాను. ఒక ఏడాది మూడో తరగతి పిల్ల ఒకతి, వరసగా రెండుసార్లు పాము మింగాక, ‘నేనేం తప్పు చేశాను?’ అని అడిగింది. దాని మొహం జవాబు వెతుక్కుంటున్నట్టు ఉంది. ఏదో ఒక తప్పు తనకు తానే కల్పించుకునేలా ఉంది. ‘నువ్వేం చేయలేదమ్మా, మూడు పడింది, అంతే’ అన్నాను. జబ్బుపడ్డవాళ్ళనూ నష్టపోయినవాళ్ళనూ చూసి ‘ఏం పాపం చేశారో’ అనడం మనకు బాగా అలవాటు. ఆ అలవాటుకు పటం తోడుకాకుండా చూసుకుంటాను.

## పై వరసలో

గెలుపు దగ్గరకొచ్చాకే పెద్ద పాము ఎందుకు పెట్టారు? కక్ష కాకపోతే!

కక్ష లాంటిదే. పైకి వచ్చేకొద్దీ గర్వం పెరుగుతుంది, గర్వం పెరిగినవాడి పతనం పెద్దది, పురాణాల్లో అందరూ ఎరిగిన సంగతే. పటం గీసినవాళ్ళు దాన్ని ఒక్క బొమ్మలో పెట్టారు. ఆ బొమ్మ ఎంత పాతుకుపోయిందంటే, పటం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా ఉద్యోగం ఊడితేనో ఎన్నికల్లో ఓడితేనో ‘పెద్ద పాము మింగింది’ అంటారు. పత్రికల్లో రాజకీయ వైకుంఠపాళి అన్న మాట రాని ఎన్నికలు లేవు.

ఆట నడిచే తీరు చూసినా అది అవసరమే. పై వరసలో పాము లేకపోతే ముందున్నవాడే గెలుస్తాడని అందరికీ తెలిసిపోతుంది, మిగతావాళ్ళు మురుకుల డబ్బా వైపు చూస్తారు. పెద్ద పాము ఉన్నంతసేపూ ఆఖరున ఉన్నవాడు కూడా పటం దగ్గరే కూర్చుంటాడు.

చివర్లో సరిగ్గా పడితేనే పండాలా? ఎక్కువ పడితే?

రెండు పద్ధతులున్నాయి. ఎక్కువ పడితే కదలకుండా ఉండటం ఒకటి, మిగిలిన గళ్ళు వెనక్కి నడవడం ఇంకొకటి. రెండో పద్ధతిలో వెనక్కి నడిచి పాము నోట్లో పడొచ్చు, అందుకే పిల్లలకు అదే ఇష్టం. ఒక్క గడి దూరంలో ఆగి కదలకుండా ఆడితే, పండటానికి సగటున ఇంకా ఆరు పందేలు కావాలి. అప్పటిదాకా చేసిన ప్రయాణం కన్నా ఆ ఒక్క గడే పొడుగనిపిస్తుంది.

ఉత్తరాది 72 గళ్ళ పటాల్లో ఇంకో ఏర్పాటుంది. వైకుంఠం చివరి గడిలో ఉండదు, 68లో ఉంటుంది. పందెం ఎక్కువై దాన్ని దాటిపోతే 69, 70 అంటూ ముందుకే వెళ్తారు, చివర 72లో ఉన్న పాము మళ్ళీ కిందికి దించుతుంది. గమ్యాన్ని దాటి పోవడమూ ఒక పతనమే అని అంత చిన్న పటంలో చెప్పినవాళ్ళకు దండం పెట్టాలి.

ఒక ఆట ఎంతసేపు పడుతుంది?

అమెరికా వంద గళ్ళ పటంలో ఒక కాయ పండటానికి సగటున 39 పందేలు. అదృష్టం బాగుంటే ఏడింటిలోనూ అయిపోతుంది. నలుగురు ఆడితే మొదటివాడు సగటు కన్నా ముందే చేరతాడు కాబట్టి అరగంట అనుకోండి. పాత పెద్ద పటం, గవ్వలు అయితే గంట దాటుతుంది. జాగరణకు అదే కదా కావాలి.

## పటం మడిచాక

చివరికి చెప్పండి, ఇది నిజంగా జీవితం లాంటిదేనా?

కొన్ని చోట్ల అవును, కొన్ని చోట్ల అసలు కాదు.

కాని చోట్లు ముందు చెప్తాను. ఆటలో అందరూ ఒకటో గడి నుంచే బయల్దేరతారు, అందరి చేతిలోనూ ఒకటే పాచిక. బయట అలా ఉండదు. కొందరు ముప్ఫయ్యో గడిలో పుడతారు, కొందరికి పటం ఉందని తెలియడానికే పదేళ్ళు పడుతుంది. ఆటలో మనం తీసుకునే నిర్ణయం ఒక్కటీ లేదు. పచ్చీసులో ఏ కాయ కదపాలో ఆలోచించాలి, అందులో సగం పందెం, సగం తెలివి. పులిజూదంలో పందెమే లేదు, మూడు పులులూ పదిహేను మేకలూ, అంతా బుర్రే. జీవితం ఏ ఆట లాంటిదని నన్నడిగితే పచ్చీసుకే ఓటు వేస్తాను. వైకుంఠపాళి జీవితం మొత్తం కాదు, అందులో మన చేతిలో లేని భాగం మాత్రమే.

అయిన చోటు ఒకటుంది, దాన్ని ఎక్కువమంది గమనించరు. పచ్చీసులో ఎదుటివాడి కాయను చంపాలి. ఇక్కడ ఎవరూ ఎవరినీ చంపలేరు. ఒకే గడిలో నలుగురు నిలబడవచ్చు. నేను నిచ్చెన ఎక్కితే మీ గడి ఒక్కటి కూడా తగ్గదు. పాము ఎంత పెద్దదైనా పటం బయట పడేయదు, పటంలోనే ఇంకో గడిలో దించుతుంది. మళ్ళీ వంతు వస్తుంది, మళ్ళీ పాచిక చేతికిస్తారు.

మా తమ్ముడి ఉద్యోగం పోయింది. ‘ఇదంతా వైకుంఠపాళిరా, మళ్ళీ నిచ్చెన వస్తుంది’ అని చెప్పనా?

వద్దు. ఆ మాట పడ్డవాడు తనంతట తాను అనుకుంటే బాగుంటుంది, పైన ఉన్నవాడు కిందికి చూస్తూ అంటే కాలుతుంది. అతనికి ఇప్పుడు కావలసింది ఈ నెల అద్దె, బయోడేటా ఒకసారి చదివిపెట్టేవాళ్ళు, పగటిపూట ఫోన్ చేసేవాళ్ళు. పటం సంగతి ఏడాది తర్వాత అతనే ఎత్తితే అప్పుడు నవ్వుకోండి.

ఆట అయ్యాక పిల్లలకు నీతి చెప్పాలా?

అక్కరలేదు. ‘ఇవాళ నీకు ఏ పాము ఎక్కువ కోపం తెప్పించింది?’ అని అడగండి చాలు. మిగతాది వాళ్ళే మాట్లాడతారు, మీరు ఊహించనివి కూడా.

మేమే పటం గీసుకోవచ్చా?

తప్పకుండా. చిన్నపిల్లలకు ఆరు వరసలు, వరసకు ఆరు గళ్ళు చాలు. అంకెలు నాగలి తిరిగినట్టు వేయండి, ఒక వరస ఎడమ నుంచి కుడికి, పై వరస కుడి నుంచి ఎడమకి. మూడు పాములు, నాలుగు నిచ్చెనలు సరిపోతాయి. నిచ్చెన పైకొస కొత్త పాము నోట్లో పడకుండా చూసుకోండి. వరసగా ఆరు గళ్ళలో ఆరు పాముల్ని మాత్రం పెట్టకండి, ఒక్క పాచికతో వాటిని ఎవరూ దాటలేరు. ఒకసారి మా పిల్లలు సరిగ్గా అదే చేశారు, ఆట ఎందుకు అవ్వట్లేదో తెలియడానికి మాకు ముప్పావుగంట పట్టింది.

పేర్లు పిల్లల్నే పెట్టనివ్వండి. మా అపార్ట్‌మెంటు పిల్లలు గీసిన పటంలో నిచ్చెన పేరు లిఫ్టు, పాము పేరు కరెంటు పోయిన లిఫ్టు. ఇంకో పాము పేరు అమ్మ ఫోన్ లాక్కోవడం. అన్నిటికన్నా పైన, పెద్ద పాము ఉండాల్సిన చోట, ఒకే ఒక్క గడి దించే బుల్లి పాము ఉంది. ఇంత చిన్నదేమిటే అని గీసిన పాపను అడిగాను.

‘అది పాముపిల్ల తాతయ్యా, ఇంకా పెరగలేదు’ అంది.